తొంభై ఆరు దండాలు

3 నవంబరు, ఆదివారం

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటాయి. మన్నించాలి. ఈ పుస్తకం చదివేది నేనొక్కడినే, అయినా ముందు ఆ మాట రాస్తే గాని కలం కదల్లేదు. మా ఊరి బడి ఎనిమిదో తరగతి దాకానే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో మాస్టారు చెప్పిన వారం నాకు జ్వరం. తర్వాత ఎవరూ చెప్పలేదు.

డైరీ సుధ ఇచ్చింది. సుధ మా కోడలు. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. అక్కడ పంచగా మిగిలిన పోయినేటి డైరీ. వారాలు కలవవు, కొట్టేసి రాస్తున్నాను. ప్రతి పేజీ కింద షుగరు చూపించుకోండి అని ఉంది. "లోపలిమాట లోపలే పెట్టుకుంటే బీపీ పెరుగుతుంది మావయ్యా, ఇందులో రాసుకోండి" అంది.

రాస్తున్నాను. కోపంగా ఉంది.

శుక్రవారం ధర్మరాజు పోయాడు. లాలాగూడ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు నా పక్క బెంచీ అతనిది. చావు కబురు చెప్పే పని నాది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నూట నలభై మూడు ఇళ్ళకి కలిపి ఒక సంఘం ఉంది మాకు, నాగావళి సంఘం. ఎనభై ఆరులో పెట్టినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో పని ఇచ్చారు. నోట్లో మాట లేనివాడికి ఏం ఇవ్వాలా అని ఆలోచించి నాకు ఇది ఇచ్చారు. దీనికి మూడు ముక్కలు చాలు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. సైకిలు మీద వెళ్ళి, గేటు బయటే నిలబడి, ఇంటాయన్ని పేరు పెట్టి పిలిచి, చెప్పి, వచ్చేయాలి. లోపలికి వెళ్ళకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. పేరు పెట్టి పిలిచి చెప్పాక ఆ ఇంటి నుంచి ఒక మనిషి కదలాలి. అది మా కట్టుబాటు.

మోకాళ్ళు పోయాక, మూడేళ్ళ నుంచి ఫోనులో పంపుతున్నాను. అందరూ ఉన్న ఆ పెద్ద యాప్‌లోనే. సంఘానికి అందులో గ్రూపు ఉంది. గ్రూపులో నేను వెయ్యను. చావు కబురు గోడకి అంటించేది కాదు. ఒక్కొక్కరికీ పేరు రాసి విడిగా పంపుతాను. ఇదివరకు ఒక్కో అక్షరం నొక్కి పంపేసరికి సగం రోజు పట్టేది. ఈసారి సుధ అతికించడం నేర్పింది. పేరు మార్చు, అతికించు, పంపు. చకచకా వెళ్ళాయి. పంతొమ్మిదో ఇంటి దగ్గర ఆగిపోయింది. మీ ఖాతా నిలిపివేశాం, మీరు స్పామ్ పంపుతున్నారు అని వచ్చింది.

స్పామ్ అంటే ఏమిటని అడిగాను.

"అవతలివాళ్ళు అడక్కుండా గుంపుగా పంపే పనికిరాని మెసేజీలు మావయ్యా."

చావు కబురు అడిగితేనా పంపుతారు.

మిగిలినవాళ్ళకి తెలియాలి కదా అని ప్రెసిడెంటు పద్మనాభం గారు గ్రూపులో వేశారు. నిన్న శ్మశానంలో లెక్కపెట్టాను. ఇంటివాళ్ళు కాక, నాతో కలిపి ఏడుగురం. మిగతా ఆరుగురూ నేను పేరు రాసి పంపిన పంతొమ్మిది ఇళ్ళవాళ్ళే. గ్రూపులో చూసి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆరుగురిలో ఇద్దరికి గుండె ఆపరేషన్లు అయ్యాయి. మిగిలిన నలుగురూ భుజం మార్చకుండా మోశారు.

ఇంటికి వచ్చి సుధ ఫోనులో గ్రూపు చూశాను. తొంభై ఆరు దండాలున్నాయి. చేతులు జోడించిన ఆ బొమ్మ. తొంభై ఆరు.

4 నవంబరు, సోమవారం

అప్పీలు చేసుకోవచ్చంది సుధ. నేను చెప్పాను, ఆమె ఫోనులో కొట్టింది. అయ్యా, నా పేరు పైడిబాబు, రిటైర్డు ఫిట్టరుని, డెబ్బై నాలుగేళ్ళు, నేను పంపింది చావు కబురు, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా సంఘంలో నా పని ఇదే.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. పరిశీలించాము, మా నిర్ణయంలో మార్పు లేదు.

రెండు నిమిషాల్లో ఏం పరిశీలించారు. అటువైపు మనిషి ఉండడంది సుధ. మనిషి లేని చోటికి అయ్యా అని రాశాను.

5 నవంబరు

మళ్ళీ రాశాను. అయ్యా తీసేశాను. మళ్ళీ రెండు నిమిషాలే.

6 నవంబరు, బుధవారం

కింది వాటాలో హరికిషన్ ఉంటాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ ఊరివాడే. నేను మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఫోన్ ముంగట పెట్టుకొని ఒకటే పరేషాన్ అయితున్నవ్."

చెప్పాను.

"గింతేనా. కొత్త సిమ్ తీస్కో, షురూ చెయ్. ఆడ నీ గోస ఇనేటోడు ఎవడున్నడని."

తప్పు చేసినవాడు పేరు మార్చుకుని తిరుగుతాడు, నేనెందుకు తిరుగుతానన్నాను.

"అబ్బో. గట్లయితే ఫోన్ కొట్టి చెప్పు. నూట నలభై ఫోన్లేగా."

ఫోనులో నాకు రాదు. గేటు దగ్గరైతే చెప్పి వచ్చేస్తాను. ఫోనులో ఎలా పోయాడు, ఏ ఆసుపత్రి, పిల్లలెక్కడున్నారు అని అడుగుతారు. నేను ఊరుకుంటాను. హలో హలో అంటారు. నా ఊపిరి నాకే వినిపిస్తుంది. మామూలు మెసేజీ పెట్టమంటారు కొందరు. అవి ఎవరూ తెరవరు, బ్యాంకులవాళ్ళ మెసేజీల కింద పడి ఉంటాయి.

ఇవేవీ హరికిషన్‌తో అనలేదు. రాదన్నాను, అంతే.

"నీతోని మాట్లాడుడు కన్నా గోడతోని మాట్లాడుడు నయం" అని టీ తెచ్చి ఇచ్చాడు.

7 నవంబరు

ఆ యాప్ వదిలేశాను. వాళ్ళు తీసేయడం కాదు, నేనే వదిలేశాను.

9 నవంబరు

సుధ ఫోనులో గ్రూపు చూశాను. సంఘం వనభోజనాల తేదీ కోసం. చూడటం వాడటం కాదు.

10 నవంబరు, ఆదివారం

మౌలాలి వెళ్ళాను, దేముడమ్మ గారిని చూడటానికి. గుట్ట పక్కన ఆవిడది మెట్ల మీద ఒంటిగది. ఇప్పుడు ఎనభై రెండు. ఊపిరితిత్తుల జబ్బు. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. డెబ్బైల్లో మేమంతా పెట్టె పట్టుకుని రైలు దిగినప్పుడు ఇక్కడ అన్నం పెట్టింది ఆవిడే. నలభై మందికి మెస్సు నడిపేది. సంఘంలో పాతతరం మగవాళ్ళలో ఆవిడ చేతి అన్నం తినకుండా ఎదిగినవాడు లేడు. పులుసు పోసి, ఎవడు ఎంత తిన్నాడో చూసి, రెండోసారి అడక్కుండానే పెట్టేది.

మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏరా పైడిబాబూ, దరమరాజుకి ఎంతమందొచ్చినారు?"

"ఒచ్చినారు."

"ఒచ్చినారంటే ఎంతమందిరా. నూరా, యాభయ్యా?"

నేను క్యాలెండరు వైపు చూశాను.

"ఏడుగురంట. కాళ్ళు పడిపోనాయి గాని నాకేటీ తెల్దనుకున్నావా."

తర్వాత చాలాసేపు దగ్గింది. నీళ్ళు పట్టాను. తాగి నా చెయ్యి వదల్లేదు.

"ఇనుకో. ఈ మెట్లెన్నో తెలుసా. నలభై నాలుగు. రెండు మలుపులు. బండి రాదు, ఆ ఆసుపత్రి మంచం మలుపుకాడ తిరగదు. మొన్న పక్కింటాయన్ని దింపినప్పుడు కిటికీలోంచి సూసినాను. మనుసులే దింపాల. నలుగురు సాలరు, మలుపుకాడ భుజాలు మార్సుకోవాల. పన్నెండుమందుండాల. నాను లెక్కేసినాను."

"అలాగే పిన్నీ."

"అలాగే కాదు. కబురు నువ్వు సెప్పాల. ఆ డబ్బాలో ఏసేత్తే ఎవుడూ రాడు."

అలాగే అన్నాను మళ్ళీ. వస్తూ మెట్లు లెక్కపెట్టాను. నలభై నాలుగే.

11 నవంబరు, సోమవారం

సుధ వేరే యాప్ కనిపెట్టింది. దాని పేరు ఊసు. ముగ్గురు కుర్రాళ్ళు కలిసి పెట్టారట. ప్రకటనలు లేవు, ఎంతమందికి పంపినా అడ్డుపడదు. "అవసరమైతే పెట్టినవాళ్ళకే ఉత్తరం రాయొచ్చు మావయ్యా, పేర్లు కూడా ఇచ్చారు" అంది. వెంటనే పెట్టించుకున్నాను. అందులో నేనూ సుధా ఇద్దరమే ఉన్నాం. "అన్నం తిన్నారా మావయ్యా" అని వంటింట్లోంచి పంపింది. తిన్నానని హాల్లోంచి పంపాను. ఇద్దరిదీ చక్కగా వెళ్ళింది.

అబ్బాయి యశ్వంత్‌ని కూడా పెట్టుకోమంది. "ఆఫీసు మొత్తం అక్కడే ఉంది సుధా, నాన్న ఒక్కడి కోసం ఇంకోటి పెట్టుకుని చూస్తూ కూర్చోనా" అన్నాడు. నేను పక్క గదిలో ఉన్నానని తెలియదు.

13 నవంబరు, బుధవారం

ఇళ్ళకి వెళ్ళి ఒక్కొక్కరి చేత ఊసు పెట్టించాలనుకున్నాను. అప్పుడు దేముడమ్మ గారి కబురు ఎవరి దయా లేకుండా నేనే పేరుపేరునా చెప్పగలను. హరికిషన్ స్కూటరు మీద తీసుకెళ్ళాడు. ముందు తిరుమలగిరి, వరహాలబాబు ఇల్లు. వరసకి నాకు బావమరిది.

అలవాటు కొద్దీ గేటు బయట నిలబడి పేరు పెట్టి పిలిచాను.

అతని భార్య కాంతమణి బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసింది. చేతిలో తడిచీర జారిపోయింది. అక్కడే మెట్టు మీద కూలబడింది.

"ఎవరన్నయ్యా" అంది. "మా పెద్దోడా."

"ఎవరూ కాదమ్మా."

"దాచకన్నయ్యా. నీ మొకం సూస్తే తెలుస్తంది."

నా మొహం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

వరహాలబాబు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చేశాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. "పద బావా. ఏ శ్మశానం."

"ఎవరూ పోలేదు. ఫోనులో ఒక యాప్ పెట్టుకోమని చెప్దామని వచ్చాను."

హరికిషన్ స్కూటరు మీద మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"నీకు బుద్ధుందా బావా. యాప్ కోసం ఇలాగొచ్చి గేటుకాడ నిలబడతావేటి. నాకు రెండు స్టెంట్లున్నాయి. మూడోది నువ్వే ఏయించేలాగున్నావు."

లోపలికి లాక్కెళ్ళారు. కాంతమణి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే కూర్చున్నాను. "తాగన్నయ్యా, ఎవరూ పోనేదు గదా" అంది. తాగాను.

ఊసు గురించి నాకొచ్చినంత చెప్పాను. వరహాలబాబు అంతా విన్నాడు.

"అంతా నిజమే బావా. ఆళ్ళు నీకు సేసింది అన్యాయమే. కాని మనవరాలి బడి అందులో ఉంది. డాక్టరు అందులో ఉన్నాడు. గ్యాసు బండి, కరెంటోడు, గుడి, అంతా అందులోనే. నానొక్కణ్ణి ఇటొచ్చి ఎవుళ్తో మాట్లాడతాను. నీతోనా. నువ్వు మాట్లాడవు కదా."

నా కోసమని పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే పెద్దదాంట్లో వచ్చిన ఏదో వీడియో చూసి నవ్వాడు.

తిరిగి వస్తుంటే హరికిషన్, "అన్నా, ఏమనుకోకు. నువ్వు గేటు కాడ నిలబడితే గాళ్ళకి యముడు దున్నపోతు దిగినట్టే కనిపిస్తున్నది. జెర నవ్వుకుంట నిలబడరాదు" అన్నాడు. తర్వాతి ఇంటి దగ్గర నవ్వుతూ నిలబడ్డాను. ఆ ఇంటావిడ ఇంకా ఎక్కువ భయపడింది.

17 నవంబరు, ఆదివారం

నాలుగు రోజుల్లో ముప్ఫై ఒక్క ఇళ్ళు. ఆరుచోట్ల ఏడుపులు. ఒకచోట శాపనార్థాలు. ఊసు పెట్టుకున్నవాళ్ళు పదకొండుమంది.

పెట్టుకోనివాళ్ళు ఒకే మాట అంటారు. అందరూ అక్కడే ఉన్నారు కదండీ. అందరూ అంటే ఎవరు. ముప్ఫై ఒక్క ఇళ్ళవాళ్ళూ అందరూ అన్నారు. ఎవరూ నేను అనలేదు. ఒకాయన, నేను మారితే నా పాత ఫొటోలన్నీ అక్కడే ఉండిపోతాయి అన్నాడు. ఒకామె, అక్క అందులోంచే మాట్లాడుతుంది, అక్క మారదు అంది. ఆ అక్క ఇంటికి వెళ్ళాను. చెల్లి మారితే మారతానంది.

సంతలో పశువుని కట్టేసినట్టు ఒకళ్ళని ఒకళ్ళకి కట్టేశారు. తాడు కొస ఆ పెద్ద యాప్‌వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకి మొహం లేదు.

18 నవంబరు, సోమవారం

పద్మనాభం గారింటికి వెళ్ళాను. బ్యాంకు మేనేజరుగా చేసినాయన. మర్యాదస్థుడు. సోఫాలో కూర్చోబెట్టారు.

"పైడిబాబు గారూ, మీరు బాధపడ్డారు, అర్థమైంది. కాని ఒక్కరి కోసం సంఘం మొత్తం మారదు గదండీ. ఇప్పుడు ఇబ్బందేమొచ్చింది. మీరు కష్టపడక్కర్లేదు. నేను గ్రూపులో వేస్తాను, నిమిషంలో అందరికీ చేరుతుంది."

"ధర్మరాజుకి ఏడుగురొచ్చారండి."

"పని ఉన్న రోజు. నాకే గృహప్రవేశం ఉందండీ ఆ రోజు. అయినా తొంభై ఆరుగురు స్పందించారు. తెలిసింది కదా, అది ముఖ్యం."

తెలియడం ముఖ్యమట. జవాబు ఇంటికి వచ్చాక తోచింది. తెలిసినవాళ్ళు తొంభై ఆరుగురైనా, పాడెకి కావలసింది భుజం. అక్కడ అనలేకపోయాను. ఎప్పుడూ ఇంతే. లేచి వచ్చేటప్పుడు దండం పెట్టాను ఆయనకి. అలవాటు.

20 నవంబరు

ఊసులో వారంగా ఎవరూ ఏమీ పంపలేదు. సుధ గుడ్ మార్నింగ్ తప్ప.

24 నవంబరు, ఆదివారం

ఊసువాళ్ళు ఉత్తరం పెట్టారు. వాడేవాళ్ళు చాలడం లేదట. డిసెంబరు పదిహేను నుంచి మూసేస్తున్నారట. క్షమించమన్నారు. కింద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. చదివి ఫోను బోర్లా పెట్టాను. వీళ్ళని తిట్టడానికి నోరు రాలేదు. నేను తిరిగిన ముప్ఫై ఒక్క గేట్లు వాళ్ళూ తిరిగి ఉంటే తెలిసేది, ఎందుకు చాలడం లేదో. తిట్టవలసినవాళ్ళకి చెవి లేదు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. సుధ రెండుసార్లు పిలిచింది. ఊసులో కాదు, నోటితోనే.

26 నవంబరు

దేముడమ్మ గారికి ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

28 నవంబరు, గురువారం

ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. మహా అయితే రెండు వారాలట. పక్కింటివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించారు. నేను వెళ్ళేసరికి పడుకుని ఉంది. మాట చిన్నదైపోయింది. దగ్గరికి వంగితే గాని వినబడదు.

"ఎవరెవరొత్తారు?"

"అందరూ ఒత్తారు పిన్నీ."

"అందరూ ఎవుళ్ళురా. పేర్లు సెప్పు."

నేను దుప్పటి సర్దాను.

"నాను పోయాక ఎవుళొచ్చినారో నాకేటి తెలుస్తాది. ఇప్పుడు సెప్పు. పన్నెండు పేర్లు సెప్పు, ఇనేసి పడుకుంటాను. నలభైమందికి వండినప్పుడు ముందే ఎవుళొత్తారో తెలిస్తేనే గాని బియ్యం ఏసేదాన్ని కాదు."

నా పేరు చెప్పాను. మోకాళ్ళున్నాయా నీకు అంది. వరహాలబాబు పేరు చెప్పాను. అతన్ని అడగలేదు, కాని వస్తాడు. గుమ్మంలో నిలబడిన హరికిషన్, "అమ్మా, నా పేరు సుత రాయించు. నేను మీవాణ్ణి కాకపోతేంది, భుజమైతే ఉన్నది" అన్నాడు. ఆవిడ కళ్ళెత్తి చూసింది. "అన్నం తిన్నావా నాయనా" అంది.

మూడు పేర్లు.

29 నవంబరు, శుక్రవారం

గ్రూపులో అడగమని సుధకి చెప్పాను. ఇది నేను వాడటం కాదు, సుధ వాడింది. ఇలా రాయించాను: మౌలాలి దేముడమ్మ గారికి బాగాలేదు. ఆఖరున ఆవిడని మెట్లు దింపడానికి ఎవరెవరు వస్తారో పేర్లు ఇవ్వగలరు. ఆవిడ వినాలంటున్నారు.

మొదట దండాలు మొదలయ్యాయి. వస్తాయని తెలుసు. తొమ్మిదో నిమిషానికి ఒకాయన ఓం శాంతి అని పెట్టాడు. సుధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెనక ఇంకొకాయన. ఇంకొకాయన. సాయంత్రానికి ఇరవై రెండు ఓం శాంతులు, నూట నాలుగు దండాలు. ఒకడు దీపం బొమ్మ పెట్టాడు. పద్మనాభం గారు సంఘం తరఫున ప్రగాఢ సానుభూతి తెలిపారు. ఆ పూట ఆవిడ సగ్గుబియ్యం జావ తాగింది. గ్లాసులో సగం. నేనే పట్టాను.

ఆవిడ బతికే ఉన్నారని రాయమన్నాను. రాసింది. దానికి పదకొండు దండాలు వచ్చాయి.

పేర్లు ఒక్కటీ రాలేదు.

ముప్ఫై అయిదేళ్ళు గేట్ల దగ్గర నిలబడ్డాను. ఒక్క ఇంట్లో అయినా, నేను నోరు తెరవకముందు పోయినవాళ్ళెవరో తేల్చేసినవాడు లేడు. అడిగేవాళ్ళు. ఎవరు అని. ఇప్పుడు ఎవరూ అడగరు. బొటనవేలుతో పాడె కట్టేశారు బతికున్న మనిషికి. ఆ యాప్‌వాళ్ళు నన్ను పనికిరానిది పంపేవాడన్నారు. నూట నాలుగు దండాలు పనికొచ్చేవా. వాటికి అడ్డు చెప్పలేదేం.

ఇంకా రాయాలని ఉంది. కాగితం చిరుగుతోంది.

1 డిసెంబరు, ఆదివారం

పొద్దున్న ఫోనులో మెసేజీ. మీ ఖాతాని మళ్ళీ పరిశీలించాము, పొరపాటు జరిగింది, పునరుద్ధరించాము. నెల రోజులు పట్టింది ఆ మాట అనడానికి. ఎవరన్నారో పేరు లేదు.

తిరిగి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పదిగంటల దాకా ఆ ఒట్టు ఉంది.

పదింటికి తెరిచాను. ఆవిడకి నెలలు లేవు, నా ఒట్టుదేముంది. ఒక్కొక్కరికీ పేరు రాసి పంపడం మొదలుపెట్టాను. వస్తారా, పేరు చెప్పండి, దండం వద్దు. సుధ ల్యాబు నుంచి ఫోను చేసి మరీ చెప్పింది. "మావయ్యా, వరసపెట్టి వద్దు, మళ్ళీ ఆపేస్తారు. కాస్త ఆగి ఆగి పంపండి." ఆగలేదు. నేను ఆగితే ఆవిడ ఊపిరి నా కోసం కాచుకుంటుందా. ఇరవై నాలుగో ఇంటి దగ్గర మళ్ళీ నిలిపేశారు. అదే మాట. స్పామ్.

తెలిసే చేశాను.

అన్నిటికంటే ఇది మండుతోంది. ఆ ఇరవై నాలుగు ఇళ్ళలో కొందరైనా జవాబు ఇచ్చి ఉంటారు. పేరు రాసి ఉంటారు. అవి నాకు కనపడవు. నావే, నాకు వచ్చినవే. తలుపు వేసి తాళం వాళ్ళు పెట్టుకున్నారు.

2 డిసెంబరు, సోమవారం

ఫోను చేశాను. కాగితం మీద రాసుకుని, చూసి చదివినట్టు చెప్దామని. ఇరవై రెండుమందికి చేశాను. పంతొమ్మిదిమంది ఎత్తలేదు. సాయంత్రం వరహాలబాబు వచ్చి చెప్పాడు. "ఫోను మీద నీ పేరు పడితే ఎత్తడానికి బయపడుతున్నారు బావా. ఎవరో పోయారనుకుంటున్నారు." ఎత్తిన ముగ్గురిలో ఇద్దరు ఎవరు పోయారు అని అడిగారు. ఎవరూ పోలేదంటే అమ్మయ్య అని పెట్టేశారు. మూడో ఆయన పాపం చాలాసేపు హలో అన్నాడు. నేను కాగితం మీద రాసుకున్నది కూడా చదవలేకపోయాను.

వరహాలబాబుని అడిగాను, పేరు రాయనా అని. "అడుగుతావేటి" అన్నాడు. రెండు స్టెంట్లు ఉన్నాయి కదా అన్నాను. "మలుపు దాకా పట్టి వదిలేస్తాను. మలుపు దాకానైతే రాసుకో."

రాసుకున్నాను. వరహాలబాబు, మలుపు దాకా.

3 డిసెంబరు, మంగళవారం

సుధ ల్యాబుకి సెలవు పెట్టింది. తనూ మౌలాలి వచ్చింది. దేముడమ్మ గారు మళ్ళీ పేర్లు అడిగింది. మూడే చదివాను. సుధ కొంగు సర్దుకుని, "నా పేరు కూడా రాయండి మావయ్యా" అంది.

ఆడవాళ్ళు మొయ్యరని నేను అనబోయాను. దేముడమ్మ గారు చెయ్యి కొద్దిగా ఎత్తింది.

"రాయరా. నలభైమంది మగోల్ని ఇన్నాళ్ళు ఎవుళు మోసినారు."

నాలుగు.

ఇంటికి వచ్చి పోస్టాఫీసు నుంచి కార్డులు తెప్పించాను. నూట నలభై మూడు. తపాలాలో వేస్తే ఎప్పటికి చేరతాయో, అందుకని హరికిషన్ స్కూటరు మీద ఇంటింటికీ ఇస్తానన్నాడు. నేను గేటు దగ్గర కనపడకపోతే సగం భయం తగ్గుతుందన్నాడు. కాని కార్డు మీద నా పేరుంటుంది. దాన్ని చూసినా భయపడతారు. అందుకని పసుపు తడిపి ప్రతి కార్డుకీ నాలుగు మూలలా పూస్తున్నాను, పెళ్ళి ఉత్తరాలకి పూసినట్టు.

సుధ చూస్తూ కూర్చుంది. "ఇది శుభమా మావయ్యా" అంది.

"బతికుంది కదా" అన్నాను.

తనూ పక్కన కూర్చుని పూసింది. ఇప్పటికి యాభై ఎనిమిది రాశాను. చెయ్యి లాగుతోంది. రేపు పొద్దున్న మొదటి విడత వెళ్ళాలి. రాస్తూ రాస్తూ మాటలు మారిపోతున్నాయి, ఒకరికి ఒకటి ఇంకొకరికి ఒకటి అవుతోంది. అందరికీ ఒకే మాట వెళ్ళాలని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పేరు ఒక్కటే మారుతుంది.

............ గారికి,

సీతాఫల్‌మండి నుంచి పైడిబాబు రాయునది. ఎవరూ పోలేదు. పసుపు చూడండి.

మౌలాలి దేముడమ్మ గారు బతికే ఉన్నారు. గ్రూపులో చూసింది నిజం కాదు. మాట సన్నగా వస్తోంది, వినికిడి ఉంది. ఆవిడ గది నుంచి కిందికి నలభై నాలుగు మెట్లు, రెండు మలుపులు. పన్నెండుమంది కావాలి. వచ్చేవాళ్ళ పేర్లు ముందే వినాలని ఆవిడ అడుగుతున్నారు. నా దగ్గర నాలుగు ఉన్నాయి. రోజూ ఉన్నవే చదువుతున్నాను. మీరు ఎన్నేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నారో మీకు తెలుసు, నేను రాయను.

దండం పంపవద్దు. రావడం కుదరకపోతే కుదరదని రాయండి, తప్పు పట్టను. మలుపు దాకా అయినా సరే. వచ్చేటట్టయితే ఇంటిపేరుతో సహా రాసి, ఈ కార్డు తెచ్చినాయన చేతికే ఇవ్వండి. ఆయన మీ గేటు దగ్గర ఆగి ఉంటాడు. సాయంత్రానికి నేను వెళ్ళి చదివి వినిపిస్తాను.

జవాబు త్వరగా ఇవ్వండి, ఆవిడకి వినబడుతుండగా.